మగ్గం కాయిన్

ఆ ఏడు వాన మా ధర్మవరాన్ని పట్టుకుని వదల్లేదు. శ్రావణం సగంలోనే మగ్గం గుంతలోకి ఊట దిగింది. ఎంత ఎత్తిపోసినా మర్నాటికి మళ్లీ మోకాటిలోతు నీళ్లు. చెమ్మకు పడుగు దారాలు తెగుతుంటే ఏం నేస్తాం? నా కొడుకు వీరేష్ మగ్గం మీద దుప్పటి కప్పి, బజారులో ఒక చీరల అంగట్లో దినకూలికి కుదిరాడు. పగలంతా ఇంట్లో నేనూ, పెళ్లయి ఆరు నెలలైన కోడలు దీపికా.

దీపికది కనగానపల్లి. సేద్యం చేసుకునేవాళ్ల ఇల్లు. డిగ్రీ చదివింది. మా ఇంటికి వస్తూ ఒక పాత ల్యాప్‌టాప్ తెచ్చుకుంది. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక నడిమింట్లో గోడకు ఆనుకుని దాన్ని ఒళ్లో పెట్టుకునేది. ఎవరో ఇంగ్లీషులో చెప్పేది వింటూ, టకటకా కొడుతూ, మధ్యలో తనలో తానే మాట్లాడుకునేది. నేను వసారాలో కూర్చుని వేరేవాళ్ల మగ్గాలకు కండెలు చుట్టేదాన్ని. ఏదో చదువులే అనుకున్నాను. ఒకరోజు ‘కాయిన్’ అన్న మాట చెవిన పడింది. నా చేతిలో పట్టుపోగు తెగింది.

ఆ మాట వింటే మా వీధిలో ఉలిక్కిపడని ఇల్లు లేదు. అంతకుముందు ఎండాకాలం ఫోనులో ఏదో కాయిన్ అంటూ వచ్చింది. మా ఇంటికి మూడిళ్ల అవతల పాపన్న డబ్బు పెట్టాడు. అతన్ని చూసి ఇంకొందరు పెట్టారు. రెండు నెలలు ఫోనులో అంకెలు పెరిగాయి. మూడో నెల ఆ యాప్ తెరుచుకోలేదు. పాపన్న రెండు మగ్గాలూ అమ్మేసి బెంగళూరులో వాచ్‌మన్ పనికి వెళ్లిపోయాడు. వెళ్లేరోజు అతని పెళ్లాం ఎవరి మొహమూ చూడకుండా ఆటో ఎక్కింది.

గుమ్మంలోకి వెళ్లి అడిగాను. “ఏం కాయినమ్మే అది?”

దీపిక చెవుల్లో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లు తీసింది. “నేర్చుకుంటాండా అత్తా. పైథాన్ అని, కంప్యూటర్‌కు పని చెప్పే భాష. ఊరికే చదివితే తలకెక్కదు. ఏదో ఒకటి కట్టి నేర్చుకోవల్ల. మా కోర్సులో చిన్న బ్లాక్‌చెయిన్ కట్టమన్నారు. దాంట్లో తిరిగేదానికి ఒక ఉత్తుత్తి కాయిన్.”

“ఉత్తుత్తిది కట్టి ఏం జేస్తావు?”

“కాయిన్‌తో ఏం పనీ లేదు. కట్టేది వస్తే ఉద్యోగం వస్తాది.”

“చెయిన్ అంటాండావు. గొలుసా?”

ఆ పిల్ల కాస్త ఆలోచించి, మూలన వేలాడుతున్న జకార్డు అట్టల వైపు, చీర అంచు పూల కోసం చిల్లులు పొడిచిన వాటి వైపు, చూపించింది. “అట్లాంటిదే అత్తా. ఆ అట్టలు ఒకదానికొకటి కుట్టింటారు కదా. నడుమ ఒక అట్ట మారిస్తే...”

“ఒక అట్ట మారిస్తే ఆ ఒక్క వరసే చెడుతాది. మిగతా అంచు బాగానే వస్తాది” అన్నాను. ముప్పై ఏళ్లుగా ఆ అట్టల కిందే బతుకుతున్నదాన్ని.

దీపిక నవ్వేసింది. “అదే తేడా అత్తా. దీంట్లో ప్రతి అట్ట మీదా ముందరి అట్ట గుర్తు ఉంటాది. ఒకటి మారిస్తే దాని తర్వాతవన్నీ తప్పని చూపిస్తాయి. దొంగలెక్క రాయనీకుండా.”

దొంగలెక్క అన్న మాట తనంతట తనే ఎందుకు తెచ్చిందా అనుకుంటూ వచ్చి రాట్నం ముందు కూర్చున్నాను. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

ఆ తర్వాత నేను వినడం మానలేదు. ‘వాలెట్’ అనేది. ‘మైనింగ్’ అనేది. మైనింగ్ అంటే కొండలు తవ్వడమని నాకు తెలుసు. నడిమింట్లో కూర్చుని ఏం తవ్వుతోంది? ఒకరోజు కళ్లు తుడుచుకుంటూ కనిపించింది. ఏమైందంటే, వరస ముందర నాలుగు ఖాళీలు వదలాల్సిన చోట మూడే వదిలిందట, రెండు రోజులుగా కంప్యూటర్ పలకడం లేదట. ఇంతదానికి ఎవరైనా ఏడుస్తారా? ఇంకోరోజు ఒక్కసారిగా చప్పట్లు కొట్టి, “నాలుగు సున్నాలు పడినాయి! నాలుగు సున్నాలు!” అని కేక పెట్టింది. ముందర ఏ అంకె ఉన్నా, వెనక నాలుగు సున్నాలంటే పదివేలకు తక్కువ కాదు. ఆ సాయంత్రం వీరేష్‌తో అంటే, “అది కంప్యూటర్ లెక్క మా, నాకూ అర్థం కాదు, వదిలెయ్” అన్నాడు.

వదిలేసేదాన్నేమో. కానీ ఒక మధ్యాహ్నం కొళాయికి నీళ్లొచ్చాయని దీపిక బిందె తీసుకుని వీధిలోకి పోయింది. ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. నేను ఏడో తరగతి చదివినదాన్ని, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే పేర్లు తెలుస్తాయి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. నాగరత్న, బాణం గుర్తు, వీరేష్, యాభై. దాని కింద వీరేష్, బాణం గుర్తు, దీపిక, యాభై.

నాగరత్న అంటే నేను. నా నుంచి నా కొడుక్కు, నా కొడుకు నుంచి ఆ పిల్లకు.

మర్నాడు గుడికని చెప్పి బ్యాంకుకు వెళ్లాను. పాస్‌బుక్కు అచ్చువేయించి అక్కడే బల్ల మీద కూర్చుని వరసవరసా చూశాను. పైసా పోలేదు. నెమ్మది రావలసింది. రాలేదు. ఇప్పుడు పోలేదంటే ముందు ముందు పోతుందని కదా అర్థం, అనుకున్నాను. అంత దూరం వచ్చేసింది నా బుద్ధి. ఇంట్లో ఉన్న పిల్లను ‘నా పేరెందుకు రాసినావు’ అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. హిందూపురంలో ఉన్న నా తమ్ముడికి ఫోన్ చేశాను.

జయరాముడు నా తర్వాత పుట్టినవాడు. ఇన్సూరెన్సులు, చీటీలు చూసుకుంటాడు. ఆరేళ్ల కింద నా మొగుడు పోయినప్పుడు అన్నీ ముందుండి నడిపింది వాడే. మా ఇంటికి ఏ కాగితం వచ్చినా ముందు వాడికి చూపించేదాన్ని.

అంతా విని వాడు గొంతు తగ్గించాడు. “మంచి పని జేస్తివి అక్కా, నాకు చెప్పి. ఆ పిల్లకు మాత్రం తెలియనియ్యొద్దు. తెరమీద ఏముండాదో ఫొటో తీసి పంపు. తెలిసినోళ్లకు చూపించి కనుక్కుంటా.”

దీపిక కొళాయికి పోయినప్పుడల్లా తీశాను. స్నానానికి పోయినప్పుడు తీశాను. మొదటిసారి ఒక్కటి తీసి బయటపడ్డాను. నాలుగోసారికి వరసగా మూడు తీశాను. వంటింటి గుమ్మంలో నిలబడి వీధి తలుపు వైపు ఒక కన్ను వేసి తీసేదాన్ని. ఒక తెర పైన పెద్ద అక్షరాలతో ‘మగ్గం’ అని ఇంగ్లీషులో ఉంది. కాయిన్‌కు ఆ పిల్ల పెట్టుకున్న పేరని తర్వాత తెలిసింది. అదీ పంపాను.

పది రోజులకు జయరాముడు వచ్చాడు. కొత్త బండి మీద వచ్చాడు. ఆ బండి ఎక్కడిదని అడగాలని కూడా నాకు తోచలేదు. నా అనుమానమంతా ఒక్క మనిషి మీదే పెట్టేశాను మరి.

దీపిక పక్కన చాప మీద కూర్చుని, “ఏమ్మా, ఏదో గొప్ప పని జేస్తాండావంట, ఈ ముసలోనికి చూపించు” అన్నాడు. ఆ ఇంట్లోకి వచ్చాక ఆ పిల్లను ‘చూపించు’ అని అడిగిన మొదటి మనిషి వాడు. మొహం వెలిగిపోయింది. “చిన్నాయనా, ఇది చూడు, ఇది మొదటి బ్లాకు...” అంటూ గంటసేపు చెప్పింది. వాడు తల ఊపుతూ ఎన్ని ప్రశ్నలు అడిగాడో. చివర్లో ఆ పిల్లను ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడమని, దుప్పటి తీసి మగ్గం పక్కన ఫొటో తీశాడు.

వీధిలోకి వచ్చి, “ఏమంటావు రాముడూ?” అన్నాను.

“చూస్తాండా అక్కా. తొందరపడొద్దు.”

నా తరఫున ఆరా తీస్తున్నాడనుకున్నాను. ఎంత నేర్పుగా మాట్లాడించాడని లోలోపల మెచ్చుకున్నాను.

భాద్రపదంలో పెనుకొండలో మా బంధువుల ఇంట బిడ్డకు పేరు పెట్టే కార్యం జరిగింది. దీపికకు ఒంట్లో బాగాలేకపోతే నేనొక్కదాన్నే రైల్లో వెళ్లాను. భోజనాల్లో నా పక్కన నా ఈడు మనిషొకామె కూర్చుంది. ఎండకు కమిలిన మొహం. రెండు ముద్దలు తిని నా వైపు తిరిగింది.

“నువ్వు ధర్మవరం నాగరత్నమ్మవు కదక్కా? జయరాముడన్న అక్కవు?”

“అవును. నువ్వెవరమ్మా?”

“మాది రొళ్ల. వెంకటక్క అంటారు. మీ కోడలి కాయిన్లో మేమూ ఉండాము.”

విస్తరిలో నా చెయ్యి ఆగింది. “ఏం కాయిన్?”

“అదేనక్కా, మగ్గం కాయిన్. ఎనిమిది గొర్రెలు అమ్మి వేసినాము. దీపావళికి రెండింతల దుడ్లు అవుతాయని అన్న చెప్పినాడు.” ఆమె దగ్గరికి జరిగింది. “అవుతాయి కదక్కా? మా ఇంటాయప్ప దినామూ అడుగుతాండాడు. నువ్వు ఇంట్లో మనిషివి, నీకు తెలిసింటాది.”

కొంగుముడిలోంచి ఫోను తీసి, ఎడమచేత్తో తడుముతూ చూపించింది. మొదట మగ్గం పక్కన నవ్వుతున్న దీపిక. తర్వాత నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఇంకొకటి. ఇంకొకటి. మూడో దాంట్లో, అక్షరాల వెనకాల అద్దంలా మెరిసే ఆ నలుపులో, గుమ్మం వెలుతురుకు అడ్డంగా ఒక ఆడమనిషి మసకగా నిలబడి ఉంది. రెండు చేతులా ఫోను ఎత్తి పట్టుకుని ఉంది. తల ఒక పక్కకు, వీధి వైపు తిరిగి ఉంది.

“రెండింతలు అవుతాయి కదక్కా?”

“నాకు తెలీదమ్మా” అని లేచి చెయ్యి కడుక్కున్నాను.

పెనుకొండ స్టేషన్లో, ప్లాట్‌ఫారం చివరికి పోయి జయరాముడికి ఫోన్ చేశాను.

“అరవద్దు అక్కా” అన్నాడు వాడు. “నీ పేరునా కొన్ని దుడ్లు వేసి పెట్టినాలే, నిన్ను మరచిపోతానా?”

“అవి ఉత్తుత్తివి రా! ఆ పిల్ల నీకు గంటసేపు చెప్పె కదా.”

“ఉత్తుత్తివో కావో వాళ్లకేం తెలుసు? ఆదివారం హిందూపురంలో ఒక మీటింగ్ ఉండాది. అది అయినాక నిలిపేస్తా, సరేనా?” తర్వాత మెల్లగా అన్నాడు. “ఒక మాట చెప్తా విను. బయటికి పొక్కితే ముందు పొయ్యేది నేను కాదు. చేసింది నీ కోడలు. ఫొటోలో ఉండేది నీ కోడలు. నీ ఇష్టం.”

రైలు వచ్చింది. ఎక్కాను. ఎక్కడ కూర్చున్నానో గుర్తు లేదు.

ఇల్లు చేరేసరికి వీరేష్ కూడా అంగడి నుంచి వచ్చి ఉన్నాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. వెంకటక్క సంగతి, ఆదివారం మీటింగ్, జయరాముడి బెదిరింపు. చివరికి ఫొటోలు ఎవరు తీశారో చెప్పాను. దీపిక నా వైపు తిరిగింది.

“ఎన్ని తీసినావత్తా?”

“లెక్క పెట్టలేదు.”

వీరేష్ లేచి అటూ ఇటూ తిరిగాడు. “మీరిద్దరూ నోరెత్తొద్దు. మీటింగ్ అయినాక నిలిపేస్తానన్నాడు కదా. మామతో నేను మాట్లాడుకుంటా. ఇప్పుడు మనం పోతే మన మెడకే చుట్టుకుంటాది.”

“ఆ మీటింగులో ఇంకెంతమంది గొర్రెలు అమ్ముతారో?” అంది దీపిక. “నేను పోతా. మీరు రాకపోయినా పోతా.”

నిజం చెప్తున్నాను, అప్పుడు కూడా నా మనసులో ఒక మూల, ఈ పిల్ల అక్కడికి పోయి మా అందరినీ పట్టించి తను బయటపడదు కదా అనిపించింది. అనుమానం అంత త్వరగా వదిలేది కాదు.

ఆ పిల్లను ఒక్కదాన్నే పంపలేక వీరేష్ కూడా సరేనన్నాడు, ఆదివారం ముగ్గురం రైలెక్కాం. మీటింగ్ ఒక కల్యాణ మండపంలో. నూరుమంది దాకా ఉన్నారు. మల్బరీ తోటలవాళ్లు, చిన్న అంగళ్లవాళ్లు, మడకశిర, రొళ్ల వైపు నుంచి వచ్చినవాళ్లు. ముందు వరసలో వెంకటక్క. ఎదురుగా గోడమీద తెల్లగుడ్డ కట్టి దానిమీద దీపిక ఫొటో వేశారు. మమ్మల్ని చూసి జయరాముడి మొహం ఒక్క క్షణం మాడింది. తర్వాత నవ్వు పూసుకున్నాడు. దారికి వచ్చామనుకున్నట్టున్నాడు.

“ఎవరొచ్చినారో చూడండప్పా! మన మగ్గం కాయిన్ కట్టిన పాప!”

చప్పట్లు. దీపిక వేదిక ఎక్కి తన ల్యాప్‌టాప్‌కు ఆ ఫొటో వేసే యంత్రం తీగ తగిలించింది. గుడ్డ మీద తన ఫొటో పోయి నల్లటి తెర వచ్చింది. మైకు తీసుకోలేదు.

“రొళ్ల వెంకటక్క ఎవరు?”

వెంకటక్క బెరుకుగా చెయ్యెత్తింది.

“నీకు ఎన్ని కాయిన్లు ఉండాయక్కా?”

“రెండువందలు ఉండాయంట పాపా.”

దీపిక ఏదో కొట్టింది. తెరమీద వెంకటక్క పేరు, దాని పక్కన ఒకటి వేసి ఎనిమిది సున్నాలు. “ఇప్పుడు పదికోట్లు ఉండాయి. చాలా?” వెనక వరసలోని ముసలాయన్ని పేరడిగింది. ఆయనకూ పదికోట్లు. పక్కాయనకూ పదికోట్లు. మండపంలో మొదట నవ్వులు, తర్వాత గుసగుసలు.

“నేను కంప్యూటర్ భాష నేర్చుకునేదానికి కట్టుకున్న ఆట ఇది. ఈ డబ్బా దాటి బయట యాడా లేదు. ఎంతమందికి కావాలంటే అంతమందికి, ఎన్ని కావాలంటే అన్ని ఇస్తా. బయట టీ అంగడి ఉండాది. పోయి ఒక కాయిన్ ఇచ్చి టీ అడగండి.”

జయరాముడు తీగ పీకబోయాడు. వీరేష్ అడ్డంగా నిలబడ్డాడు. నడి వరసలో ఒకడు లేచి అరిచాడు. “మరి దినానికొక ఫొటో వస్తాండె కదమ్మా మా ఫోన్లకు? మీ ఇంట్లోవే కదా అవి? దుడ్లు పంచుకునేకాడ తేడా వచ్చి ఇప్పుడు నాటకమాడుతాండావా?”

“అవునవును” అన్నారు చాలామంది. పది మంది వేదిక వైపు కదిలారు. దీపిక ల్యాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని వెనక్కి ఒక అడుగు వేసింది. ఆ పిల్ల దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఉంది. నా వైపు మాత్రం చూడలేదు.

లేచి నిలబడ్డాను. “ఆ ఫొటోలు నేను తీసినా” అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్లీ చెప్పాను. “నేను ఆ పిల్ల అత్తను. తను ఇంట్లో లేనప్పుడు దొంగతనంగా తీసినా. ఆయప్ప నా తమ్ముడు. నేనే పంపినా. వెంకటక్కా, నీ ఫోను తియ్యి. మూడో ఫొటోలో నేను కనబడతా, చూసుకో.”

వెంకటక్క ఫోను చేతులు మారింది. ఒక్కొక్కరే ఫొటోను చూడటం, తలెత్తి నన్ను చూడటం. పెళ్లిచూపుల్లో కూడా నన్ను అంతమంది అలా చూడలేదు.

ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు, మధ్యాహ్నానికి అందరం స్టేషన్లో ఉన్నాం. జయరాముడు బెంచీ మీద తలొంచుకుని కూర్చున్నాడు. రాసుకునే ఆయన నన్ను అడిగాడు. “ఈయన మీకేమవుతాడు?”

“తమ్ముడు.”

“సొంత తమ్ముడా?”

“సొంత తమ్ముడే.”

కాగితం నా వైపు తిప్పాడు. సంతకం పెట్టాను. పొడుగు పేరు నాది, చాలాసేపు పట్టింది.

తిరుగు రైల్లో వీరేష్ తలుపు దగ్గర నిలబడ్డాడు. దీపిక కిటికీ పక్కన, నేను ఎదురుగా. పెనుకొండ దాటాక ఆ పిల్ల నోరు తెరిచింది.

“కాయిన్ అంటే పాపన్న ఇల్లు గుర్తొస్తాది. నువ్వు భయపడినావు. దానికి నేనేమీ అనను. కానీ ఏందని అడిగితివి, నేను చెప్తిని. నా మాట నమ్మక ఇంకొకరి దగ్గరికి పోతివి కదా అత్తా.”

“తెరమీద నా పేరు చూసినా” అన్నాను.

“ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టుకుంటే గుర్తుంటాదని పెట్టినా. వేరే ఎవరి పేర్లు పెట్టుకోవల్ల నేను?”

ధర్మవరంలో దిగేటప్పుడు ల్యాప్‌టాప్ నేను అందుకోబోతే, ఆ పిల్ల తనే తీసుకుంది.

జయరాముడి బండి, ఊరిబయట కొన్న స్థలం అమ్మితే సగంమందికి డబ్బు వెనక్కి వచ్చింది. ముందు వెంకటక్కకు ఇప్పించాను. మిగిలినవాళ్లు కేసు వాయిదాలకు తిరుగుతున్నారు. మా పుట్టింటివైపు వాళ్లు నన్ను దేనికీ పిలవడం లేదు. తమ్ముణ్ని పట్టించిన మనిషి అంటున్నారట. అనరా మరి.

దసరా ముందు వానలు వెనక్కి తగ్గాయి. గుంత ఆరింది, వీరేష్ మగ్గం ఎక్కాడు. దీపిక కోర్సు పూర్తిచేసి హిందూపురంలో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో చేరింది. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తుంది. నాతో మాట్లాడేది. అన్నం అయిందా అత్తా, పాలు కాచినావా అత్తా, అంతవరకే. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే తలుపు దగ్గరికి వేసుకునేది. నేను ఆ తలుపు వైపు చూడకుండా వంటింట్లోకి పోవడం అలవాటు చేసుకున్నాను.

కార్తీకంలో ఒక సాయంత్రం రైలు దిగి వచ్చింది. కాళ్లు కడుక్కుని, లోపలికి పోకుండా వసారాలో నా రాట్నం పక్కన కూర్చుంది. ఒక కండె చేతిలోకి తీసుకుంది.

“ఈ పొద్దు ఆఫీసులో ఏం జేసినానో చెప్పనా అత్తా?”

రాట్నం ఆపాను. చెప్పింది. ఎవరి సరుకు ఎక్కడ ఉందో చూపించే పనేదో చేసిందట. యాడో ఒక తప్పు దొరకక పొద్దంతా వెతికిందట. నేను ఆ పిల్ల మొహమే చూస్తూ విన్నాను. అర్థమైనట్టు తల ఊపుదామని చాలాసార్లు అనిపించింది. ఊపలేదు.

“నాకు అర్థం కాలేదమ్మే” అన్నాను.

“యాడ అర్థం కాలేదు?”

“మొదట్నుంచీ.”

దీపిక కాళ్లు మడిచి నా వైపు తిరిగి కూర్చుంది. మళ్లీ మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.